పక్క గదిలోంచి పిలిస్తే

అంజూర అనబోతే బురద అయి కూర్చుంటోంది, పోనీ బురద అని చూద్దామంటే అంజూరలా వస్తోంది, తెలుగులో రాసుకుంటే రెండూ తీన్ అనే, ఏ తేడా లేదు, కానీ ఈ అరబ్బీవాళ్ళ నోట్లో ఒక త పళ్ళకి తేలిగ్గా తగిలి పోతుంది, ఇంకో త దగ్గరికొచ్చేసరికి నాలుకంతా బరువెక్కి గొంతు దాకా దిగుతుంది, పొద్దున క్లాసులో మాస్టారు నోరు బార్లా తెరిచి అంగిలి చూపించి మరీ చెప్పాడు, పాపం ఆయన అంగిలి ఈ నాలుగు నెలల్లో ఆమెకు తన అరచేయంత పరిచయమైపోయింది, అయినా నాలుక మాట వింటేనా, ముప్ఫై ఆరేళ్ళు తెలుగులో సుఖంగా పొర్లిన నాలుక, దాన్నిప్పుడు కసరత్తు చెయ్యమంటే మొండికెయ్యదూ, తీన్, తీన్ అని గొణుక్కుంటూ ఆమె నడుస్తుంటే ఎదురొస్తున్న పెద్దమనిషి పక్కకు తప్పుకున్నాడు, తప్పుకోడూ మరి, మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి బురద, బురద అంటూ మీదికొస్తుంటే, ఈ సంగతి ఊళ్ళో ఉన్న మొగుడికి ఫోన్లో చెప్పాలి, పడీపడీ నవ్వుతాడు, తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడ్డానికే బద్ధకం, నీకింకో భాష ఎందుకే అన్న మనిషి, అనడమే గానీ సెలవు పెట్టమని వెంటపడిందీ ఆయనే, పిల్లని నేనూ మా అక్కా చూసుకుంటాం, నువ్వెళ్ళు, రోజూ ఆ ఐదు నిమిషాల గొడవ వినలేక చస్తున్నాను అన్నాడు, ఐదు నిమిషాల గొడవంటే, ఊళ్ళో ఆమె చెవుల పరీక్షలు చేసే ఆస్పత్రికి పైదేశాల నుంచి వచ్చే రోగుల్లో ఒకాయన అరబ్బీలో ఐదు నిమిషాలు ఏకధాటిగా చెప్పాడు, చేతులు తిప్పాడు, మధ్యలో కళ్ళు తుడుచుకున్నాడు, అంతా విని దుబాసీ కుర్రాడు ఆమె వైపు తిరిగి, వినబడట్లేదంటున్నాడు మేడమ్, అని ఊరుకున్నాడు, మరి ఆ ఐదు నిమిషాల్లో మిగతా మాటలన్నీ ఏమైనట్టు, ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు, అది పట్టుకుని ఇంత దూరం, ఈ అరబ్బు దేశానికి వచ్చింది, పొద్దున పాఠం, మధ్యాహ్నం పని, ఈ చదువు పద్ధతే అంత.

మందుల దుకాణం పక్కన ఇరుకు మెట్లు, పైన చెవుల క్లినిక్కు, తలుపు తీయగానే స్పిరిటు వాసన, ఈ వాసనకు మాత్రం ఏ దేశంలోనూ యాస లేదు, డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, వచ్చావా, ఇవాళ మాటల పరీక్ష కూడా నువ్వే చెయ్యి అంది, నేనా అండీ, అవును నువ్వే, నీ వెనక నుంచున్న గోడ చేస్తుందా, ఇన్నాళ్ళూ ఆమె ఈలల పరీక్షే చేసింది, హెడ్‌ఫోను పెట్టడం, సన్న ఈల, లావు ఈల వినిపించడం, వినబడితే బటన్ నొక్కమనడం, అది ఊళ్ళో పదేళ్ళుగా చేస్తున్న పనే, ఈలకు భాషేముంది, మాటల పరీక్ష అలా కాదు, పెదాలు కనబడకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మైకులో వాక్యం చదవాలి, అవతలివాళ్ళు తిరిగి చెప్పాలి, తప్పు చెబితే ఆ తప్పు వాళ్ళ చెవిదా, తన నోటిదా, ఎవరు తేలుస్తారు, ఆలోచన తెగకముందే పేషెంట్లు లోపలికొచ్చారు, ముసలావిడ, వెనకే కొడుకు, కార్ల మెకానిక్కట, ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో గ్రీజు, వంగి తల్లి భుజం మీద చెయ్యేసి చెవిలో, అమ్మా, ఇక్కడ కూర్చో అన్నాడు, ఆవిడ మహారాణిలా కూర్చుంది, మా అమ్మకి బొత్తిగా వినబడట్లేదండీ, వంటింట్లోంచి పిలిస్తే పలకదు, వీధిలోంచి పిలిస్తే పలకదు, చెవి మిషను పెట్టించేద్దాం, ఎంతైనా ఫరవాలేదు అని అతను చెబుతుంటే, ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది, కొడుకును బయట కూర్చోబెట్టారు, అంతలో వెనక గదిలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడవడంతో డాక్టరమ్మ అటు పరుగెత్తింది.

ముసలావిడను స్పాంజి గోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, అద్దానికి ఇవతల తను కూర్చుని ఈలలు మొదలెట్టింది, లావు ఈలకు బటన్ లేదు, సన్న ఈలకు లేదు, శబ్దం పెంచింది, లేదు, ఇంకా పెంచింది, అప్పుడు తీరిగ్గా, పోనీలే పాపం అన్నట్టు ఒక్క నొక్కు, ఆమెకు ఎక్కడో ఏదో తేడా కొట్టింది, వినబడనివాళ్ళ ముఖం శబ్దం వచ్చినా రాకపోయినా ఒకలాగే ఉంటుంది, ఎన్ని వందల ముఖాలు చూసింది, ఈవిడ కనుబొమలు మాత్రం ఈల వచ్చినప్పుడల్లా కొంచెం కదిలి సర్దుకుంటున్నాయి, సరే చూద్దామని అట్ట అడ్డం పెట్టుకుంది, గొంతు బాగా తగ్గించింది, నిజంగా చెవిటివాళ్ళకైతే ఆ గొంతు సోకనైనా సోకదు, కాగితం మీది మొదటి వాక్యం చదివింది, పొద్దున్నే లేచి నేను అంజూర తిన్నాను, అంతే, అద్దం అవతల ముసలావిడ బుగ్గలు ఉబ్బాయి, పెదాలు బిగబట్టింది, భుజాలు ఎగిరిపడ్డాయి, ఇక ఆగలేక పకాలున నవ్వేసింది, నవ్వీ నవ్వీ హెడ్‌ఫోను చెవి మీంచి జారింది, అయ్యో పిచ్చితల్లీ, పొద్దున్నే బురద తిన్నావటే, మీ ఊళ్ళో అదేనా పెట్టేది, అంది, అన్నాక గుర్తొచ్చింది తనకు వినబడదని, చటుక్కున నోరు మూసుకుంది, ఇద్దరూ అద్దంలోంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, పరీక్షలో ఇద్దరూ ఒక్కసారే పట్టుబడ్డట్టు, ఆమెకూ నవ్వాగలేదు, తలుపు తీసుకుని లోపలికెళ్ళింది.

దొరికిపోయాం కదా ఇద్దరం అని ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది, ముందు నీ సంగతి చూద్దాం, ఇటు చూడు అని నోరు తెరిచి ఆ బరువు త పలికి చూపించింది, ఆమె వేళ్ళు తీసి తన దవడ కింద పెట్టుకుంది, ఇక్కడ తెలుస్తోందా, ఇది బురద, ఇప్పుడేమీ తెలియట్లేదు కదూ, ఇది అంజూర, మాస్టారు నాలుగు నెలలుగా నోటితో చెప్పింది ఇప్పుడు వేళ్ళకు తెలిసింది, తీన్ అంది ఆమె, ఆఁ, ఇప్పుడు తినొచ్చు అంది ముసలావిడ, తర్వాత గొంతు తగ్గించి, నేను చెవిటిదాన్నని రాసెయ్ అమ్మాయ్ అంది, అదేంటండీ అంటే ఇక మొదలెట్టింది, ఆపకుండా మాట్లాడింది, నా కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే, కానీ ఇంట్లో అందరూ గోడల్లోంచే మాట్లాడతారు, ఈ గదిలోంచి ఆ గదిలోకి అరుపులు, తిన్నావా, మందేసుకున్నావా, తలుపేశావా, నా ముఖం చూసి ఎన్నాళ్ళైందో వాళ్ళకే తెలీదు, ఓసారి జలుబు చేసి చెవులు దిబ్బళ్ళేసి నిజంగానే వినబడలేదు, అప్పుడు వాడు వచ్చి ఇలా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి అమ్మా అన్నాడు, మనవరాలైతే నా ఒళ్ళో ఎక్కి కూర్చుని బడి కబుర్లన్నీ చెవిలోనే చెబుతుంది, దాని ఊపిరి వెచ్చగా తగులుతుంది, జలుబు తగ్గిపోయింది, నేను మాత్రం తగ్గిందని చెప్పలేదు, మిషను పెట్టారనుకో, మళ్ళీ ఎవరి గదుల్లోంచి వాళ్ళు అరుస్తారు, అందుకని రాసెయ్ అంది, రాసెయ్యనా అనుకుంది ఆమె, రాస్తే అక్కర్లేని మిషను ఆ చెవికి తగిలిస్తారు, రాయకపోతే ఆ చెయ్యి భుజం మీంచి పోతుంది, అబద్ధం రాయలేనండీ అంది, ముసలావిడ ముఖం చిన్నబోయింది, కానీ అసలు పరీక్ష ఒక్కసారి చేద్దాం, ఈసారి నిజంగా నొక్కండి, నా కోసం, అని బతిమాలింది, ముసలావిడ నిట్టూర్చి, నీ బురద కోసం అని హెడ్‌ఫోను సర్దుకుంది, ఈసారి టకటకా నొక్కింది, లావు ఈలలన్నీ వినబడ్డాయి, బాగా సన్నవి మాత్రం కొన్ని జారిపోయాయి, ఆ వయసుకు మామూలే, ఆ జారిపోయిన చోటు చూడగానే ఆమెకు చెప్పాల్సింది తెలిసిపోయింది.

డాక్టరమ్మ తిరిగొచ్చి పరీక్ష కాగితం మీద గీతలన్నీ చూసి, ఊఁ, బాగానే ఉన్నాయి, కొడుకును లోపలికి పిలిచి నువ్వే చెప్పు అంది, అతను గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగాడు, మిషను అక్కర్లేదండీ అంది ఆమె, అమ్మగారి చెవులు బాగున్నాయి, సన్నటి శబ్దాలు కొన్నే అందట్లేదు, అంటే వేరే గదిలోంచి మాట్లాడితే మాటల అంచులు చెదిరిపోతాయి, సగం అర్థమై సగం అవదు, అందుకని దూరం నుంచి పిలవకండి, దగ్గరికి రండి, ముఖానికి ఎదురుగా కూర్చోండి, చెయ్యి తగిలించి పిలిస్తే ఇంకా మంచిది, ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు, ఇంట్లో అందరూనా అన్నాడతను, అందరూ, చిన్నపిల్లలు కూడా అంది, ఎన్నాళ్ళండీ, ఎప్పటికీ అండీ, అతను బుద్ధిగా తలూపాడు, లేచి తల్లి దగ్గర వంగి, పదమ్మా ఇంటికి అన్నాడు, స్పష్టంగానే అన్నాడు, ముసలావిడ మెడ తిప్పి, ఏంటీ అంది, అతను ఇంకా దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాడు, అప్పుడు లేచింది ఆవిడ, గుమ్మం దాటుతూ ఆమె వేళ్ళు ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలింది, డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, తర్వాత ఆమెను చూసి, ఏం జరిగిందో నేనడగను, రేపటి నుంచి మాటల పరీక్షలు నీవే, బురద తినడం మాత్రం మానెయ్, ఏడుస్తున్న చంటిబిడ్డ పక్కనున్నా ఆ నవ్వు నాకు వినబడింది అంది.

ఇంటికి నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, ముసలావిడ అంతసేపు చెప్పింది కదా, ఐదు నిమిషాల పైమాటే, దుబాసీ లేడు, మొత్తం తన చెవిలోకే వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తెలుగులోకి మార్చుకుందా, ఎంత తవ్వినా గుర్తు రాలేదు, దిబ్బళ్ళన్న మాటకు అరబ్బీ ఏమిటో అడిగితే ఇప్పటికీ చెప్పడం రాదు, కానీ అర్థమైంది, తన అద్దె గది ఉన్న ఇల్లు వచ్చింది, మెట్ల కింద చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి ఇంటావిడ గొంతు, కుళాయి నీళ్ళ చప్పుడు, గిన్నెల మోత, వాటి మధ్యలోంచి గబగబా, వచ్చింది నువ్వేనా, పైన బట్టలు తీసెయ్, మబ్బు పట్టింది, నా తెల్ల దుప్పటి తడిసిందో నీ పని చెబుతా, సరే సరే తీస్తున్నా, అరవకండి అని అరిచి రెండేసి మెట్లు ఎక్కేసింది, డాబా మీద గాలికి దుప్పటి ముఖానికి కొట్టుకుంటే అప్పుడు ఆగింది, తనేనా అరిచింది, అదీ అరబ్బీలో, ఇన్నాళ్ళూ ఈవిడ తనకు ఏం చెప్పాలన్నా స్టవ్వు తగ్గించి, చేతులు తుడుచుకుని, గుమ్మం దాకా వచ్చి, ఎదురుగా నుంచుని, ఒక్కో మాటా ముద్దలు కలిపి పెట్టినట్టు పెట్టేది, బట్టలు అన్నప్పుడు కొంగు పట్టి చూపించేది, వాన అన్నప్పుడు వేళ్ళాడించేది, ఎంత ప్రేమగా చేసేదో, చుట్టాలకు చేసినట్టు, ఇవాళ రాలేదు, కుళాయి కూడా కట్టలేదు, వీపు తిప్పుకునే అరిచింది, ఆ ముసలావిడ ఏది వద్దనుకుందో అదే తనకు ఇవాళ మొదటిసారి దక్కింది, తొలి చినుకు చేతి మీద పడింది, క్లిప్పులన్నీ పటపటా లాగి దుప్పటిని గుండెలకు హత్తుకుంటూ అనుకుంది, చుట్టాన్ని కాదు నేనిక్కడ, ఇంట్లో మనిషిని.