ముద్ద ఎగరేసే పరీక్ష

గురిపిల్లకి నలభై దాటాయి. అయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. పెళ్ళికి ముందు, నాన్నతో కలిసి సిమెంటు పనికి వెళ్ళే రోజుల్లో, ఆమె కింద నిలబడి సిమెంటు ముద్దలు చేసి పరంజా మీదున్న నాన్నకి విసిరేది. ఆయన గోడ మీంచి చూపు తిప్పకుండా ఎడమచెయ్యి చాపితే చాలు, ముద్ద వచ్చి అరచేతిలో కూర్చునేది. ఒక్కటీ పక్కకి పోయేది కాదు. అది చూసి ముచ్చటపడి తోటి మేస్త్రీలు పెట్టిన పేరది. ఇప్పుడామె సిమెంటును పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తోంది, అక్కడా అదే పేరు. ఆ గురే ఆమె కొంప ముంచిందంటే నమ్మండి.

ల్యాబ్‌లో కొత్త నిబంధన వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే ఇకమీద పరికరాలు ముట్టుకోవాలి. లేనివాళ్ళు అచ్చులు కడుక్కోవాలి, బస్తాలు సర్దుకోవాలి. ఏళ్ళ తరబడి పరికరాల బల్ల ముందు నిలబడ్డ మనిషికి అదేమన్నా చిన్న మాటా? రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది. చేతిపరీక్షలో బోల్తా కొట్టింది.

ఎలాగంటే చెబుతాను. సిమెంటుకి ఎంత నీరు సరిపోతుందో తేల్చే పరీక్ష ఒకటుంది. పొడిలో కొలిచిన నీళ్ళు పోసి కలపాలి. రబ్బరు తొడుగులు వేసుకుని దాన్ని ఉండ చెయ్యాలి. ఆ ఉండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, జానెడు ఎడంలో, ఆరుసార్లు ఎగరెయ్యాలి. ఆరంటే ఆరే. వెంటనే గుండ్రటి అచ్చులోకి నొక్కేసి, పైనుంచి ఒక కడ్డీని వదిలి, అరనిమిషంలో అది ఎంత లోతు దిగిందో చూడాలి. పదో గీత దగ్గర ఆగితే నీరు సరిపోయినట్టు. గురిపిల్ల ఆరుసార్లూ ముచ్చటగా ఎగరేసింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న పరీక్షాధికారి ఏదో చూపించబోయి చెయ్యి చాపాడు. అంతే, ఆమె కళ్ళముందు గది కరిగిపోయింది. ఎండ, పరంజా, పైన నాన్న అరచెయ్యి. మళ్ళీ గది కనబడేసరికి ముద్ద ఆ పెద్దమనిషి గుండెల మీద, చొక్కా జేబు పక్కన అతుక్కుని ఉంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గురి మాత్రం తప్పలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. తీరా చూస్తే కూతురి కళ్ళలో నీళ్ళు.

"ఇంకొక్కసారే రానిస్తారట నాన్నా. అదీ పోతే నా బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు."

నాన్న నవ్వు ఆగిపోయింది. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ వేళ్ళు ముడుచుకోవడం మానేసి చాలాకాలమైంది. పనికి వెళ్ళే ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆమె విసిరిన ముద్ద ఆయన అరచేతిలోనే పడింది, కానీ వేళ్ళు మూసుకోలేదు. ముద్ద జారి నేలమీద పడింది. ఆయన దిగి, తాపీ కడిగి, ఇంటికి తెచ్చి అటక మీద పెట్టేశాడు. మళ్ళీ పరంజా ఎక్కలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆయనకి ఎవరూ ఏదీ విసరరు. తువ్వాలైనా సరే, తెచ్చి చేతిలో పెట్టాల్సిందే. పెళ్ళయి ఆ ఇంటికే వచ్చిన కొత్తలో ఒకసారి అల్లుడు తెలియక తాళంచెవి విసిరితే, ఆయన వారంపాటు అతనితో ముభావంగా ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం నుంచి గోధుమపిండితో సాధన మొదలైంది. నాన్న ఎదురుగా నిలబడి పరీక్షాధికారి వేషం కట్టాడు. "నేను చెయ్యి చాపుతాను. నువ్వు విసరకూడదు. అదే పరీక్ష," అన్నాడు. చెప్పడం సులువే. ఆయన చెయ్యి చాపగానే గురిపిల్ల చెయ్యి దానంతటది లేచేది. పిండిముద్ద ఒకసారి గోడ గడియారానికి తగిలింది, ఒకసారి కిటికీ ఊచలకి అతుక్కుంది. ఆ పిండితోనే రొట్టెలు చేస్తుంటే బస్సు నడిపి అలసి వచ్చిన భర్త కొరకలేక, "వీటికి కూడా సర్టిఫికెట్ ఇస్తారేమో కనుక్కోవోయ్," అన్నాడు.

ముద్ద గోడకి తగులుతోందంటే ఆమె గురి చెడి కాదు. ముద్ద దగ్గరికి వచ్చేసరికి నాన్న చెయ్యి లాక్కుంటున్నాడు. అది ఆమెకి పరీక్ష పోయినదానికంటే ఎక్కువ బాధగా ఉంది. చివరికి ఉండబట్టలేక అనేసింది.

"చెయ్యి లాక్కోకు నాన్నా. చూళ్ళేకపోతున్నాను."

"పట్టలేనే, చిన్నతల్లీ."

ఆమె లేచి కిటికీ ఊచలకున్న పిండి గీకడం మొదలుపెట్టింది. నాన్న దగ్గరికొచ్చాడు.

"సరే, నా మాట విను. ఆ ఆరూ వాళ్ళవి. ఏడోది నాది. అక్కడ ఎవడు చెయ్యి చాపినా సరే, వాడికివ్వకు. దాచి ఇంటికి పట్రా."

"పడిపోతే?"

"పడితే పడనీ. చీపురు లేదా కొంపలో?"

పరీక్షరోజు పొద్దున గురిపిల్ల ముందుగా తేమగదిలోకి వెళ్ళింది. పరీక్షకని పోసిన సిమెంటు దిమ్మలు ఆరిపోకుండా అక్కడ ఎప్పుడూ సన్నటి నీటిమంచు కురుస్తూ ఉంటుంది. అరల నిండా బూడిదరంగు దిమ్మలు, రాయి కావడానికి ఇంకా కొంత నిద్ర మిగిలినట్టు పడుకుని ఉన్నాయి. ఆమెకి ఆ గదంటే ప్రాణం. అందులో నిలబడితే తన వయసెంతో, బయట ఏ వారమో గుర్తుండదు. మంచులో ఎక్కడో పైన తాపీ గోడకి రాసుకుంటున్న చప్పుడు వినిపించినట్టయింది. తలెత్తి చూస్తే నీళ్ళ గొట్టం. తనలో తనే నవ్వుకుని, కనురెప్పల మీది తడి తుడుచుకుని బయటికొచ్చింది.

పరీక్షాధికారి ఈసారి పొడవాటి కోటు తొడుక్కుని, రెండడుగులు దూరంగా నిలబడ్డాడు. పాపం, ఆయన్నీ తప్పుపట్టలేం. ఆమె పొడి తూచింది, నీళ్ళు పోసింది, కలిపింది, ఉండ చేసింది. ఎగరెయ్యడం మొదలుపెట్టింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ముద్ద గాల్లో ఉన్న ఆ క్షణంలో దానికి బరువే లేనట్టుంది. ఆరోది వచ్చి చేతిలో పడింది. బల్ల మీద అచ్చు కాస్త పక్కకి జరిగి ఉంటే, సర్దుదామని అధికారి అలవాటుగా చెయ్యి చాపాడు.

గోడలు కరిగిపోయాయి. ఎండ కొట్టింది. పైన పరంజా మీద నాన్న, అదే ఎడమచెయ్యి. గురిపిల్ల భుజం అప్పుడే వెనక్కి వెళ్ళిపోయింది.

'ఉండు నాన్నా,' అనుకుంది. 'ఇది వీళ్ళది. నీది తెస్తాను.'

పరంజా మీద నాన్న తలూపినట్టే కనిపించింది. ఆమె భుజం దించి, ఎడమచేత్తో అచ్చు తీసుకుని, ముద్దని అందులోకి నొక్కేసింది. కడ్డీ వదిలితే మెల్లగా దిగి దిగి పదో గీత దగ్గర ఆగింది. మిగతా పరీక్షలు ఎలా చేసిందో ఆమెకే తెలియదు, చేతులే చేసుకుపోయాయి.

సాయంత్రం పాసయ్యావని చెప్పి, అధికారి ఒక మాట అడిగాడు. "నీ చెయ్యి వెనక్కి పోవడం చూశానమ్మా. నేను కళ్ళు మూసేసుకున్నాను కూడా. మరెలా ఆగావు?"

"ఏడోది మా నాన్నది సార్," అంది.

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మర్యాదగా తలూపాడు.

బస్సులో ఆమె కుడిచేత్తో దేన్నీ పట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి కాస్త ముడిచి కూర్చుంది. అందులో ఏమీ లేదని ఆమెకీ తెలుసు. అయినా బరువుగానే ఉంది.

ఇంటికి చేరేసరికి ముందుగదిలో కుర్చీలన్నీ పక్కకి జరిపి ఉన్నాయి. నాన్న గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మధ్యాహ్నం నుంచీ మావయ్య ఇదే వరస," భర్త వాపోయాడు. "కూర్చోమంటే కసురుతున్నారు. పిండి కూడా నాచేతే తడిపించారు."

పాసయ్యావా అని నాన్న అడగలేదు. "నాదేదీ?" అన్నాడు.

ఆమె ఉండ చేసింది. ఆరుసార్లు ఎగరేసింది. పరీక్షలో కూడా ఇంత భయపడలేదు. నాన్న ఎడమచెయ్యి చాపాడు. ఆమె విసిరింది.

ముద్ద తీరుబడిగా, ఏళ్ళన్నీ దాటుకుని వస్తున్నట్టు వచ్చింది. నాన్న చెయ్యి లాక్కోలేదు. ముద్ద అరచేతిలో పడింది. వేళ్ళు మూసుకోలేదు. అది జారుతుండగా ఆయన రెండో చెయ్యి అడ్డంపెట్టి, మొత్తంగా గుండెకేసి అదుముకున్నాడు. చొక్కా నిండా పిండి. ముద్ద కింద పడలేదు.

నాన్న దాన్ని అలాగే పట్టుకుని అటక వైపు చూశాడు.

"ఒసేయ్, ఆ తాపీ కాస్త దించవే."