క్లబ్బు బిళ్ళ, బూడిదరంగు కారు

వెండెల్ టాకెట్ డ్వేన్ పికెట్‌తో మాట్లాడి మూడేళ్ళు దాటింది. అలాగని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేరు. ప్రతి గురువారం పొద్దున ఏడింటికి టులేర్ ఊరి బయట హైవే పక్క హోటల్లో ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. ఉప్పు కావలసివస్తే వెండెల్ పక్కన కూర్చున్న చేలో అనే ఆవిడతో చెప్పేవాడు.

"ఉప్పు ఇటు జరపమని డ్వేన్‌కి చెప్పు."

డ్వేన్ చెవులు బాగానే పనిచేసేవి. ఉప్పు జరిపేవాడు. "జరిపానని చెప్పు," అనేవాడు.

కారణం చిన్నది కాదు. వెండెల్ భార్య లోరీన్‌ను మట్టిచేసిన రోజున డ్వేన్ బేకర్స్‌ఫీల్డ్‌లో పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళాడు. తేదీ పొరబడ్డానని వందసార్లు చెప్పుకున్నాడు. ప్రదర్శన తేదీ మాత్రం పొరబడలేదు కదా అన్నాడు వెండెల్. డ్వేన్ మొహం చూసి అన్న ఆఖరి మాట అదే.

ముగ్గురూ డిచ్ రైడర్స్ క్లబ్బు మనుషులు. 1958లో ఆ ఊరి కుర్రాళ్ళు కొందరు పత్తి చేల మధ్య కాలవ గట్ల మీద కార్లు పందేలకు తోలుతూ పెట్టుకున్న పేరది. పాత కారు తెచ్చి, కప్పు కోసి కిందికి దించి, పెద్ద ఇంజను ఎక్కించి, అక్కర్లేనివన్నీ పీకి, రోడ్డు మీద నలుగురూ తలతిప్పి చూసేటట్టు చేయడం వాళ్ళ పని. అలా చేసిన కారును హాట్‌రాడ్ అంటారు. క్లబ్బు ఒప్పుకున్న ప్రతి కారు వెనకా అరచేతికన్నా కాస్త పెద్ద అల్యూమినియం బిళ్ళ ఉంటుంది. బిళ్ళ సభ్యుడిది కాదు, క్లబ్బుది. మానేసినా, పందెం కాసి ఓడినా విప్పి ఇచ్చేయాలి.

వెండెల్ బిళ్ళ 1966 నుంచి, 1934లో తయారైన అతని ముప్ఫైనాలుగు ఫోర్డు వెనకే ఉంది. లోరీన్ ప్రతి శనివారం దాన్ని టూత్‌పేస్టు పెట్టి తోమేది. ఆమె పోయాక ఎవరూ తోమలేదు. మసకబారింది. వెండెల్ దాన్ని ముట్టుకునేవాడు కాదు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడూ కాదు.

ఆ గురువారం గొడవ మొదలెట్టింది డ్వేన్.

"మనమంతా పోయి యాభై ఏళ్ళయ్యాక, అప్పటి కుర్రాళ్ళు ఇప్పటి కార్లలో వేటిని కోస్తారంటారు? నన్నడిగితే మస్టాంగ్. లేదంటే ఛాలెంజర్. ఇవాళ షెడ్లో దాచినోడు ఆ రోజు మహారాజు."

"దాచిన కారుని ఎవడూ కొయ్యడు," అంది చేలో. "దుప్పటి కప్పి దణ్ణం పెట్టుకుంటాడు."

చేలో ఆర్మెంటాకు యాభై తొమ్మిదేళ్ళు. సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు ఉంది. పాతికేళ్ళ కిందట కప్పు కోయడం ఆమెకు నేర్పింది వెండెలే. లోరీన్‌కు స్నేహితురాలు. లోరీన్ పోయిన నెలంతా గిన్నెల్లో వండి పంపింది. వెండెల్ గిన్నెలు కడిగి గుమ్మంలో పెట్టేవాడు, తలుపు తీసేవాడు కాదు.

"అయితే దేన్ని కోస్తారు?" అన్నాడు డ్వేన్.

"బయటికి చూడు. బూడిదరంగువి ఎన్నున్నాయో లెక్కెట్టు."

డ్వేన్ కిటికీలోంచి లెక్కపెట్టాడు. పదకొండు.

"అవే," అంది చేలో. "మీకు ముందటి కుర్రాళ్ళు ముప్ఫైరెండు ఫోర్డునే ఎందుకు పట్టుకున్నారు, అందం చూసా? ప్రతి పాత సామాన్ల దొడ్లోనూ కోళ్ళు లోపల గుడ్లు పెట్టుకుంటూ పడుండేది గనక. కోసి పాడుచేసినా అయ్యో అనేవాడు లేడు గనక. రేపటివాళ్ళూ అంతే. ఇవాళ మనం కన్నెత్తి చూడనిదాన్నే తెచ్చుకుంటారు."

వెండెల్ ఫోర్కు కింద పెట్టాడు.

"ఏముంది అందులో కొయ్యడానికి? ఇంజను మీద ప్లాస్టిక్ మూత. ఆ మూత కింద ఇంకో మూత. తలుపు తీస్తే ఓ కూత, వేస్తే ఇంకో కూత. అది కారు కాదమ్మాయ్, అలారం గడియారం."

"నువ్వు ఫోర్డులో కాడిలాక్ ఇంజను దింపిన్నాడు మీ నాన్నేమన్నాడు?"

"ఇంట్లోంచి పొమ్మన్నాడు."

"మరి?"

"పోయాను. అది వేరు."

డ్వేన్ నవ్వాడు. నవ్వకపోతే ఆ మాట అక్కడితో పోయేది. వెండెల్ మెడ ఎర్రబడింది.

"వినండి. రెండువేల సంవత్సరం తరవాత పుట్టిన కారుతో ఈ క్లబ్బులో ఏ ఒక్కరైనా హాట్‌రాడ్ కడితే, నా బిళ్ళ విప్పుకోండి."

చేలో కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. "నిజంగానేనా పెద్దాయనా? లోరీన్ తోమిన బిళ్ళ అది."

"ఎవరు తోమారో నాకు తెలుసు."

క్లబ్బు నిబంధనల పుస్తకం డ్వేన్ చొక్కా జేబులో ఉండేది. నూనె మరకలతో గోధుమరంగుకు తిరిగిన చిన్న పుస్తకం. తీసి పైకి చదివాడు. "ఒకటి, ఇద్దరు సభ్యుల కళ్ళముందు కప్పు కోసి దించాలి. రెండు, అక్కర్లేనిది ఒకటైనా పీకాలి. మూడు, తన ఇంజనుతో తానే డోనట్ల దుకాణం దాకా పోయి తిరిగి రావాలి. నాలుగు—"

"చాలు. పుస్తకం ముయ్యమని డ్వేన్‌కి చెప్పు. వాడు చదివేలోపు నా గుడ్లు చల్లారిపోయాయి."

"మూశానని చెప్పు," అన్నాడు డ్వేన్.

మూడు వారాలకు చేలో ఒక బూడిదరంగు నాలుగు తలుపుల కారు తెచ్చింది. తొమ్మిదేళ్ళది. ఒక తలుపు సొట్టపోయింది. దాని పేరు వెనక రాసే ఉంది. డ్వేన్ రెండుసార్లు చదివి రెండుసార్లూ మర్చిపోయాడు.

శనివారం పదింటికి వెండెల్ తన మడత కుర్చీ, తన ఫ్లాస్కు తెచ్చుకుని చేలో షెడ్డులో కూర్చున్నాడు. సాక్షిగా వచ్చానన్నాడు. ఆమె పని చెడగొట్టుకుంటే చూడ్డానికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో కప్పు కోయడంలో అతని తరవాతే ఎవరైనా. నలభై ఒకటి కోశాడు. ఒక్కటీ వానకు కారలేదు. రెండో సాక్షిగా డ్వేన్ గోడకానుకుని నిలబడ్డాడు.

కప్పును మోసే స్తంభం మీద చేలో సుద్దముక్కతో గీత గీసింది. వెండెల్ చూశాడు. గీత రెండు వేళ్ళు పైకి ఉంది. అక్కడ కోస్తే కప్పు దించాక ముందు స్తంభమూ వెనక స్తంభమూ ఈ జన్మలో కలవవు. వేరే కుండ మూత తెచ్చి పెట్టినట్టుంటుంది.

అతను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కారు పాడవుతుంది, బిళ్ళ దక్కుతుంది. కాఫీ తాగాడు. గోడ మీది క్యాలెండరు చూశాడు. నెల మార్చలేదు. అదొక చిరాకు.

చేలో రంపం స్విచ్చి నొక్కి చూసింది. రొట్టె కోసే కత్తిలా పట్టుకుంది.

"అక్కడేనా కోసేది?" అన్నాడు.

"గీత గీశాగా."

"ఆ గీత ఎవరు నేర్పారు?"

"నువ్వే."

"అబద్ధం. లే, తప్పుకో."

"నీకెందుకు పెద్దాయనా, కూర్చో. పందెం నీదీ నాదీ."

"పందెం సంగతి తరవాత. ఇలా కోస్తే చూసినవాడు రేపు నా దగ్గర నేర్చుకుందంటాడు." రంపం లాక్కున్నాడు. ఆమె గీతను చొక్కా చేత్తో తుడిచేసి, టేపు కూడా పెట్టకుండా కొత్త గీత గీశాడు.

"ఆగు, ముందు బ్యాటరీ తియ్యాలి. ఆ కప్పులో—"

"కప్పులో ఏముంటుంది? నలభై ఒకటి కోశాను. ఒకదాంట్లో కందిరీగల గూడుంది."

రంపం లోపలికి దిగింది. తూటా పేలినట్టు చప్పుడైంది. కిటికీల పొడుగునా, కారు గుద్దుకుంటే తలకు అడ్డుపడే తెల్లటి గాలిసంచి ఒకటి ఉబ్బి, దుప్పటి దులిపినట్టు వెండెల్ మొహాన కొట్టింది. అతను వెల్లకిలా పడ్డాడు. కుర్చీ మడతపడి అతని పక్కనే పడింది.

పొడి ఇంకా గాల్లో ఉండగానే కారులోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"సార్, మీ కారుకి ప్రమాదం జరిగినట్టు మాకు సమాచారం వచ్చింది. మీరు బాగానే ఉన్నారా?"

"ఎవరది?" అన్నాడు వెండెల్ కప్పువైపు చూస్తూ.

"సహాయ కేంద్రం సార్. మీ కారే మాకు ఫోన్ చేసింది. మీ కారుని ఢీకొట్టింది ఎవరు?"

వెండెల్ చేతిలో రంపం ఇంకా ఉంది. దాన్ని చూసుకున్నాడు. "నేను."

"అర్థమైంది సార్," అంది ఆ గొంతు, అర్థం కానట్టు. "రక్తం ఏమైనా వస్తోందా?"

"రావట్లేదు."

"మీతో ఎవరైనా ఉన్నారా సార్?"

"లేరు. మూడేళ్ళయింది."

చేలో అప్పటికే నేల మీద మోకాళ్ళూని అతని భుజం పట్టుకుని ఉంది. ఆమె ఒంటినిండా పొడి పట్టి మొహం పాలిపోయింది. డ్వేన్ అవతలి పక్క నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"ఉన్నాం," అంది చేలో కారుకేసి గట్టిగా. "ఇద్దరం ఉన్నాం."

"ఆ ఫోన్ చేసిందాన్ని కూడా లెక్కేసుకుంటే ముగ్గురం," అన్నాడు డ్వేన్. తను అన్నదానికి తనే నవ్వడం మొదలెట్టాడు, ఆపుకోలేకపోయాడు.

"డ్వేన్‌ని నవ్వడం ఆపమని చెప్పు," అన్నాడు వెండెల్ పడుకునే.

వద్దంటున్నా ఫైరింజను వచ్చింది. వాళ్ళు వెండెల్ కళ్ళల్లోకి లైటు వేశారు, ఇవాళ ఏ వారమని అడిగారు. పని చెడిన శనివారం అన్నాడు. ఆ తరవాత వాళ్ళు అరగంట సేపు కారు చుట్టూ తిరిగి, కప్పు ఎన్ని అంగుళాలు దింపుతారో కనుక్కుని వెళ్ళారు.

కోత సగంలో ఆపి వదిలేయడం వెండెల్‌కు చేతకాదు. బ్యాటరీ విప్పించి, మిగతా సంచుల్ని చేలోతో తీయించి, ఆ శనివారం, తరవాత ఇంకో రెండు శనివారాలు పనిచేశాడు. నాలుగంగుళాలు దించాడు. ముందు అద్దం అంత పొట్టిగా ఎక్కడా దొరక్క చేలో దళసరి ప్లాస్టిక్ రేకు కోసి వంచి బిగించింది. అక్కర్లేనివి ఏం పీకాలని వాదించి, చివరికి వెనక తలుపుల పిడులు పీకారు. బిళ్ళకు భయం లేదని వెండెల్ తనకు తాను చెప్పుకున్నాడు. సంచి పేలిన కారుకు బుర్ర చెడుతుంది, అది గేటు దాటదు అనుకున్నాడు.

ఆదివారం పొద్దున అది గేటు దాటింది. లోపల ఉన్న దీపాలన్నీ ఎర్రగా వెలిగాయి, ఉన్న కూతలన్నీ కూసింది. ఇరవై మైళ్ళ వేగం దాటనంది. కానీ పోయింది. ఎంత వేగంగా పోవాలో పుస్తకంలో లేదు. చేలో తోలింది. డ్వేన్ పుస్తకం పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు, తల వంచుకుని, ఎందుకంటే కప్పు దిగింది.

వెండెల్ తన ఫోర్డులో వెనకే బయల్దేరాడు. ఎక్కడ ఆగుతుందో కళ్ళారా చూద్దామని. ముప్ఫైనాలుగు ఫోర్డుకు నెమ్మదిగా పోవడం పడదు. గాలి తగలకపోతే దాని ఇంజను ఉడుకుతుంది. పాల కేంద్రం మలుపు దగ్గర రేడియేటరు మూత ఈల వేసింది. ఆవిరి పైకి లేచింది. వెండెల్ కారును పక్కకు తీసి దిగాడు. బూడిదరంగు కారు తన కూతలు తాను కూసుకుంటూ వెళ్ళిపోయింది.

పావుగంట తరవాత అదే రోడ్డున తిరిగి వచ్చింది. ముందు అద్దం దగ్గర గులాబీరంగు డోనట్ల పెట్టె ఉంది. చేలో ఫోర్డు పక్కన ఆపింది. వెండెల్ ఫోర్డు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కారి అతని బూట్ల చుట్టూ మడుగైంది.

"పోయింది, వచ్చింది," అన్నాడు. "విప్పుకోండి."

ఇద్దరూ దిగారు. చేలో డోనట్ల పెట్టె తెరిచింది.

"విప్పుకోమన్నాను. అన్న మాట అన్నాను."

"నాలుగో నిబంధన చదవనిస్తాడేమో అడుగు," అన్నాడు డ్వేన్ చేలోతో. వెండెల్ చెయ్యి విదిలించాడు. డ్వేన్ చదివాడు. "నాలుగు, కారు ఎవరు కొన్నా, ఎవరు తోలినా, కప్పు కోసినవారే దాన్ని కట్టినట్టు. ఆ కారుకు పెట్టే బిళ్ళ వారి చేతికే ఇవ్వాలి."

అవతల పొలంలో నీళ్ళు చిమ్మే యంత్రం తిరుగుతోంది. వెండెల్ బూడిదరంగు కారు కప్పుకేసి చూశాడు.

"ఆ గీత," అన్నాడు చేలోతో.

"ఏ గీత?"

"రెండు వేళ్ళు పైకి గీసింది."

"రెండున్నర," అంది చేలో. "రెండైతే ఊరుకుంటావేమోనని భయమేసింది. బ్యాటరీ తీసేలోపే రంపం లాక్కుంటావని మాత్రం అనుకోలేదు. నా గుండె ఆగినంత పనైంది."

"నన్ను చంపబోయావు."

"అవును. డోనట్ తిను."

అతను తినలేదు. లేచి ఫోర్డు వెనక్కి వెళ్ళాడు. బిళ్ళకేసి చూశాడు. జేబులు తడుముకున్నాడు.

"డ్వేన్," అన్నాడు. "స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు."

డ్వేన్ నోట్లో డోనట్ ఉంది. నమలడం ఆగింది. స్క్రూడ్రైవర్ అందించాడు.

మరలు తుప్పు పట్టాయి. వెండెల్ తొందరపడకుండా విప్పాడు. బిళ్ళను పంచదార అంటిన కాగితం రుమాలుతో తుడిచాడు. ఒక మూల కాస్త మెరిసింది. ఆ మూలనే ఇంకోసారి తుడిచాడు. తరవాత బూడిదరంగు కారు వెనక, ఎవరూ చదవని పేరు మీద అడ్డంగా పెట్టి బిగించాడు.

"ఆ ముందు ప్లాస్టిక్ వంకరగా ఉంది," అన్నాడు చేలోతో. "నేను కట్టిన కారుకి అలాంటిది ఉండదు. రేపు ఏడింటికి తీసుకురా."

డ్వేన్ డోనట్ మింగి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఎడంపక్కకి వంగింది వెండెల్."

వెండెల్ చేలోవైపు తిరిగాడు.

"వంగలేదని డ్వేన్‌కి చెప్పు."