రెండు, మూడు, పది సెంటీమీటర్ల త్రిభుజం

అనసూయకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న ఆడపిల్లలు అన్నారు, ఆమెతో పనిచేసిన టీచర్లు అన్నారు, చివరికి కట్టుకున్న జనార్దన్ కూడా అన్నాడు. అయితే ఆయన ఇంట్లో అనలేదు, ఆబిడ్స్‌లో చాయ్ తాగుతూ స్నేహితులతో అన్నాడు. నిజమే, ఉంటుంది. కానీ ఆ రోజు వచ్చిన కోపం ముందుగా తన మీద తనకే వచ్చింది. అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు.

ఆ యేడు పదో తరగతి లెక్కల పేపర్లను టీచర్ల ఇళ్ళకు పంపకుండా, నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో అరవై మందిని కూచోబెట్టి దిద్దించారు. ఏప్రిల్ నెలాఖరు. కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికలను అటెండరు బీరయ్య గంటకోసారి తడుపుతూనే ఉన్నాడు, అవి గంటకోసారి ఎండుతూనే ఉన్నాయి. అనసూయ గన్‌ఫౌండ్రీలోని ఇంట్లో వంట ముగించి, గొడుగు వేసుకుని, పదింటికల్లా నడిచి వచ్చేది.

అక్కడ అందరికీ పెద్ద చీఫ్ ఎగ్జామినరు సోమయాజులు గారు. గోదావరి జిల్లా మనిషి, యాభై ఆరులో బదిలీ మీద వచ్చి లక్డీకాపూల్‌లో స్థిరపడ్డారు. ఇస్త్రీ చెడని చొక్కా, జేబులో ఎర్ర సిరా పెన్ను, నోట్లో మాత్రం మెత్తని మాట. మొదటి రోజు పొద్దున ఆయన ఒకే జవాబు పేపరును అరవై ప్రతులు తీయించి అందరికీ పంచారు. "దిద్దండి" అన్నారు. దిద్దారు. ఒకాయన ఇరవై తొమ్మిది వేశాడు, ఇంకొకాయన నలభై ఒకటి.

"ముప్పై అయిదు వస్తే పాసు" అన్నారు సోమయాజులు గారు, అద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఒకే పిల్లవాడు, అవే జవాబులు. వీరి చేతిలో పడితే గట్టెక్కాడు, వారి చేతిలో పడితే మునిగాడు. ఇది పరీక్షా, లాటరీయా?"

ఇక మొదలుపెట్టారు. సూత్రం రాస్తే ఒక మార్కు, అంకెలు సరిగ్గా వేస్తే ఒకటి, గుణకారం తప్పినా దారి సరైనదైతే ఎంత, చివర కొలత పేరు రాయకపోతే ఎంత కోత, ఒక్కొక్కటే చర్చించి, బోర్డు మీద రాసి, మళ్ళీ దిద్దించారు. మధ్యాహ్నానికి అరవై మంది మార్కులకూ రెండుకు మించి తేడా లేదు. అనసూయకు ముచ్చటేసింది. పదకొండేళ్ళుగా పేపర్లు దిద్దుతోంది, ఇంత పద్ధతిగల మనిషిని చూడలేదు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యాహ్నమే, దిద్దాల్సిన కట్టలు పంచే ముందు, పదకొండో ప్రశ్న సంగతి వచ్చింది. రెండు, మూడు, పది సెంటీమీటర్ల భుజాలతో త్రిభుజం గీయాలట. ఐదు మార్కులు. అలాంటి త్రిభుజం ఈ భూమ్మీద లేదు. రెండు చిన్న భుజాలు కలిపినా పదిలో సగమే, అవి ఎలా కలుస్తాయి?

అనసూయ పక్కన కూచున్న బుచ్చిబాబు కాకినాడ మనిషి, నవ్వకుండా రెండు మాటలు మాట్లాడలేడు. గుట్టు విప్పింది ఆయనే. "ఇది అంగుళాల నాటి ప్రశ్నండీ. రెండు, మూడు, నాలుగు అంగుళాలు. నాలుగంగుళాలంటే పది సెంటీమీటర్లు కదా? ఆ చివరిదాన్ని మార్చి, మిగతా రెంటినీ మర్చిపోయి, మూడింటికీ సెంటీమీటర్లు తగిలించాడు మహానుభావుడు!"

హాలంతా నవ్వింది. సోమయాజులు గారు కూడా నవ్వి, అప్పటికప్పుడు ఒక నియమం పెట్టారు. త్రిభుజమంటూ మూడు గీతలు కలిపి గీసినవాళ్ళకు ఐదుకు ఐదు. త్రిభుజం లేకపోతే సున్నా. ఎవరూ నోరెత్తలేదు. అనసూయ కూడా ఎత్తలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె తన కట్టలోంచి పదిహేడో పేపరు తీసింది. రోల్ నంబరున్న ముక్క చింపేసి ఉంటుంది కాబట్టి ఆడో మగో, ఏ ఊరో తెలియదు. కోడి గీకినట్టున్న దస్తూరీ. చక్రవడ్డీ తప్పు, బీజగణితం సగం ఒప్పు, సిద్ధాంతం దగ్గర నాలుగు లైన్లు రాసి వదిలేసింది ఆ పిల్ల. పిల్లే అనుకుంది అనసూయ, ఎందుకో. అన్నీ కూడితే ముప్పై ఒకటి. పదకొండో ప్రశ్న దగ్గర త్రిభుజం లేదు. అలవాటుకొద్దీ చేయి సున్నా చుట్టబోయింది. కింద రెండు లైన్లుంటే ఆగింది.

"రెండూ మూడూ కలిపితే ఐదు. మూడో భుజం పది. చివరలు కలవవు. ఈ త్రిభుజం రాదు. అందుకని గీయడం లేదు."

"అరే!" అంది అనసూయ పైకే.

ఐదు మార్కులొస్తే ముప్పై ఆరు, పాసు. సున్నా వేస్తే ముప్పై ఒకటి, ఫెయిలు. ప్రశ్న వేసినాయనకు పట్టని సంగతి, నియమం పెట్టినప్పుడు అరవై మంది పంతుళ్ళు నవ్వి ఊరుకున్న సంగతి, పరీక్ష హాల్లో చెమటలు కక్కుకుంటూ ఈ పిల్ల పట్టుకుంది. పట్టుకున్నందుకు ఫెయిలు!

అంతలోనే ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మొదటి రోజు తాను మూడు పేపర్లకు ఇదే ప్రశ్న దగ్గర సున్నా వేసింది. త్రిభుజం లేదు, సున్నా, పేజీ తిప్పెయ్. అక్కడేదో రాసి ఉందా? ఉన్నట్టే గుర్తు. చదివిందా? చదవలేదు. దిద్దడం అయిపోయిన ఆ కట్ట ఇప్పుడు లక్క సీలు వేసుకుని, తాళం వేసిన గదిలో ఉంది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది.

బుచ్చిబాబు తొంగిచూశాడు. "నియమం ప్రకారం సున్నా వేసి పక్కన పెట్టండి మేడమ్. నాకు శనివారం బండికి టికెట్టుంది, పేచీ పెట్టకండి."

"మీ బండి మీరు ఎక్కుండ్రి" అంటూ ఆమె పేపరు పట్టుకుని లేచింది.

సోమయాజులు గారు ఆ రెండు లైన్లూ శ్రద్ధగా చదివారు. "తెలివైన పిల్ల" అన్నారు. "కానీ త్రిభుజం లేదు కదమ్మా."

"గీయరానిదాన్ని ఎట్ల గీస్తది సార్?"

"మిగతావాళ్ళు గీశారు."

"ఔ, గీసిన్రు. నాలుగు గీసి పది అని రాసిన్రు. అబద్ధానికి అయిదు, నిజానికి సున్ననా? గిదేం న్యాయం? నేనైతే సున్న ఎయ్య."

హాల్లో పెన్నులు ఆగిపోయాయి. సోమయాజులు గారు గొంతు పెంచలేదు. "మీరు ఇక్కడ ఐదు వేస్తారు. ఇదే జవాబు ఇంకో బల్ల మీద సున్నా తెచ్చుకుని ఉంటుంది. మొదటి రోజు నేనేం చెప్పాను? ఒకే జవాబుకు ఒకే మార్కు. పిల్లలు మీ జాలి మీదో, నా జాలి మీదో ఆధారపడకూడదు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేదు గనకే ఆమె మొండికేసింది.

"సరే సార్. ఒక్క పిల్లకేస్తే అన్యాయమే. అందరికీ ఎయ్యాలె. సీలేసిన కట్టలన్నీ విప్పించుండ్రి."

హాలంతా గొల్లుమంది. మూడు రోజుల పని, ఐదు వేల పైచిలుకు పేపర్లు! "ఈ ఎండలోనా?" అని ఒకరు, "ఒక్క ప్రశ్న కోసమా?" అని ఇంకొకరు. సోమయాజులు గారు చెయ్యెత్తి వాళ్ళను ఆపారు.

"సీలు విప్పడానికి ఒకటే దారి ఉంది, అనసూయగారూ. పొరపాటు చేసినవారు, పొరపాటు నాది అని తమ చేత్తో రాసివ్వాలి. అది మీ బడికి పోతుంది. అలా రాసిచ్చినవారిని మళ్ళీ ఈ పనికి పిలవరు. పదకొండేళ్ళ మంచి పేరు మీది, ఆలోచించుకోండి."

బడిలో హెడ్‌మిస్ట్రెస్ ముఖం అనసూయ కళ్ళ ముందు మెదిలింది, వెనక గుసగుసలాడే స్టాఫ్‌రూమ్ కూడా. భయం వేయలేదంటే అబద్ధం. అయినా ఆయన బల్ల మీది కాగితమే లాక్కుని నిలబడే రాసింది. మొదటి రోజు కట్టలో మూడు పేపర్లకు చదవకుండా సున్నాలు వేశాను, పొరపాటు నాది. కింద పూర్తి సంతకం.

"పిలువకుంటే పిలువకుండ్రి" అంది.

ఆయన కాగితం చూసి నిట్టూర్చారు. "మీ కట్ట విప్పుతాను. మిగతా యాభై తొమ్మిది మంది నియమం ప్రకారమే చేశారు. వాళ్ళ కట్టలు ఎవరి పొరపాటని విప్పను?"

బోర్డు పక్కన మేకుకు చెక్క కంపాసు వేలాడుతోంది. అనసూయ దాన్ని తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"జర ఈ త్రిభుజం గీసి చూపెట్టుండ్రి సార్. మీరు గీసిన్రంటే నా కాగితం నేనే చింపేస్త. సప్పుడు చెయ్యకుండ సున్న ఏసి కూసుంట."

"మేడమ్!" అన్నాడు బుచ్చిబాబు సగం లేచి. ఈసారి నవ్వలేదు.

సోమయాజులు గారి ముఖం ఎర్రబడింది. ఆయన కాదని ఉండొచ్చు, బయటికి పొమ్మని ఉండొచ్చు. కానీ ముప్పై ఏళ్ళు బోర్డు ముందు నిలబడిన మనిషి, చేతికిచ్చిన కంపాసును కింద పెట్టలేకపోయారు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు. సెంటీమీటరుకు పది లెక్కన మీటరు పొడుగు గీత గీశారు. ఒక కొసన కంపాసు మొన గుచ్చి ఇరవైతో చాపం గీశారు. రెండో కొసకు నడిచి ముప్పైతో ఇంకోటి గీశారు. రెండు చాపాలూ ఎడమొహం పెడమొహంగా ఉండిపోయాయి. మధ్యలో మూరెడు ఖాళీ.

ఆయన ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడ్డారు. "కలవవు" అన్నారు చివరికి. "ఈ త్రిభుజం రాదు."

"త్రిభుజం లేదు కద సార్" అంది అనసూయ. "మరి మీకెన్ని మార్కులెయ్యాలె?"

ఆయన కంపాసును మళ్ళీ మేకుకు తగిలించారు.

"సున్నా" అన్నారు సోమయాజులు గారు. "నేను పెట్టిన నియమం ప్రకారం నాకు సున్నా."

చేతుల సుద్ద దులుపుకుని వచ్చి కుర్చీలో కూచున్నారు. అనసూయ కాగితం దగ్గరికి లాక్కుని ఆమె రాసిందంతా అడ్డంగా కొట్టేశారు. కింద తన చేత్తో రాశారు. పదకొండో ప్రశ్నకు తప్పు నియమం పెట్టాను, పొరపాటు నాది, కట్టలన్నీ విప్పాలి. బీరయ్యను పిలిచి గది తాళాలు ఇచ్చారు. రాదని కారణం చూపినవాళ్ళకు ఐదు, గీసినవాళ్ళకు వేసిన ఐదు అలాగే ఉంచండి, తప్పు ప్రశ్న ఇచ్చింది మనం కదా, అని అందరికీ చెప్పారు.

అనసూయ మాత్రం కదల్లేదు. "నాదెందుకు కొట్టేసిన్రు సార్?"

"నియమం నాది కదమ్మా. మీకెందుకు మచ్చ?"

"నియమం మీదే. సదువకుండ సున్నలేసిన చెయ్యి నాది. నా పేరు ఉండనియ్యుండ్రి."

ఆయన ఆమె వంక చూశారు. పెన్ను ఆమెకే ఇచ్చారు. ఆమె ఆయన సంతకం కింద తన పొరపాటు మళ్ళీ మొత్తం రాసి సంతకం చేసింది.

"పోయింది నా శనివారం బండి" అంటూ బుచ్చిబాబు మొదటి సీలు పగలగొట్టాడు.

పదిహేడో పేపరుకు ఐదు వేసి, ముప్పై ఆరు అని కూడిక రాసి, అనసూయ తన మొదటి రోజు కట్ట విప్పింది. మూడు సున్నాల్లో ఒకటి నిజంగానే ఖాళీ పేజీ. అది సున్నాగానే ఉంచింది. రెండో దాంట్లో కారణం రాసి ఉంది, ఐదు వేసింది. మూడో దాంట్లో "ఎంత ప్రయత్నించినా మూడో మూల రావడం లేదు సార్, రెండూ మూడూ పదికి చాలవు" అని ఉంది. పైన గీతలన్నీ చెరిపేసి ఉన్నాయి. కాగితాన్ని వెలుతురుకు పెడితే కంపాసు మొన గుచ్చిన చిల్లులు కనిపించాయి. లెక్కపెట్టింది, పంతొమ్మిది. పంతొమ్మిది సార్లు ప్రయత్నించిన పిల్లకు తాను అర నిమిషం కూడా ఇవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, సున్నా కొట్టేసి, ఐదు వేసి, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం సరిపోతుందని బుచ్చిబాబు అన్నా వినకుండా పూర్తి పేరు రాసింది.

మరుసటి యేడు ఆమెకు పిలుపు రాలేదు. సోమయాజులు గారికీ రాలేదు.

"ఆ కాగితం రాయకుండా ఉంటే పోయేది కదా" అన్నాడు జనార్దన్. ఈసారి ఇంట్లోనే అన్నాడు.

"ఇయ్యాల అడిగినా గదే రాసిస్త" అంది అనసూయ.