పోలిరాజు దాచిన చోటు

పెద్ద దేశాలు రెండు సముద్రం మీద గీతల కోసం కొట్టుకుంటే, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చిట్టమ్మ గుండెలు బాదుకోవాల్సి వచ్చింది. ఇదెక్కడి న్యాయమో ఆ గంగమ్మ తల్లికే తెలియాలి.

చైనా ఓడ ఒకటి నాలుగు రోజులుగా బంగాళాఖాతంలో తచ్చాడుతోంది. పేరుకి పరిశోధన ఓడ. దాని వాలకం చూస్తే ఈ నీళ్ళన్నీ తాతల నాటి ఆస్తి అన్నట్టుంది. మన నేవీ ఊరుకుంటుందా? ఇవాళ మధ్యాహ్నం మూడింటికి దక్షిణం వైపు ఫిరంగులు పేల్చి సత్తా చూపిస్తామంది. బోట్లన్నీ ఒడ్డుకు రమ్మన్నారు. అన్నీ వచ్చాయి, చిట్టమ్మ మొగుడు పోలిరాజు బోటు తప్ప.

"మీ ఆయన ట్రాన్స్‌పాండర్ ఆపేశాడమ్మా. వైర్‌లెస్‌లో పిలిస్తే పలకడు. ఎక్కడున్నాడని వెతకాలి?" అన్నాడు మత్స్యశాఖ ఉద్యోగి ఉదయ్‌కుమార్. అప్పటికే పన్నెండయింది.

బోటు జాడ చెప్పే ఆ డబ్బాని ఎందుకు ఆపాడో చిట్టమ్మకు తెలుసు. మూడేళ్ళ కిందట వంజరాలు గుంపులుగా దొరికే చోటొకటి అతని కంటబడింది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా డబ్బా, వైర్‌లెస్సూ రెండూ కట్టేస్తాడు. ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా బావమరిది సింహాద్రికి. అతను చిట్టమ్మ సొంత తమ్ముడే. అయినా చేపల దగ్గర చుట్టరికాలేమిటి? "నోరు జారేవంటే నన్ను సంపుకున్నట్టే" అని పెళ్ళాం చేతిని తన నెత్తిన పెట్టించుకుని ఒట్టేయించుకున్నాడు మహానుభావుడు.

ఇప్పుడా సింహాద్రే బోటు ఇంజను ఆన్ చేసి వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, సోటు సెప్పు. నాను ఎల్లి తోలుకొచ్చేత్తాను."

"నాకు తెల్దురా."

"నీకు తెల్దా? ఎవులికి సెప్తన్నావ్?"

చెబితే ఒట్టు తప్పి మొగుణ్ణి చంపుకున్నట్టు. చెప్పకపోతే ఫిరంగులు ఆ పని చేస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తమ్ముడి కళ్ళలోకి చూసింది. అందులో బావ మీద బెంగెంతో, ఆ చోటు మీద ఆశెంతో తేలలేదు. ఛీ, పాడు బుద్ధి అని తన్ను తనే తిట్టుకుంది.

"టైం అయిపోతంది అప్పా!"

"యారాడ కొండ మీది లైట్‌హౌసు ఉంది సూడు," అంది కళ్ళు మూసుకుని, జెట్టీ మీదున్న అందరికీ వినబడేలా. "సంద్రంలోంచి ఎనక్కి సూత్తే దాని నెత్తి మీద సింహాచలం కొండ కూకున్నట్టు అవుపడతాది. ఆ గీత ఇడిసిపెట్టకుండా ఎల్లు. లైట్‌హౌసు అగ్గిపుల్లంత అయిపోయిన కాడ ఉంటాడు. ఎల్లరా!"

మూడింటికి దూరంగా దడదడమని మోత మొదలైంది. చిట్టమ్మ చేపల గంప పక్కనే కూలబడిపోయింది. నాలుగు దాటాక రెండు బోట్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

పోలిరాజు దిగీ దిగగానే అడిగాడు. "ఒట్టేసేవు కదే!"

"తీసి గట్టు మీద ఎట్టేసినాను," అంటూ అతని చొక్కా పట్టుకుని భోరుమంది.

ఉదయ్‌కుమార్ ఫోను పట్టుకుని వచ్చాడు. "ఆర్డరొచ్చింది. ఆ ఓడ కదిలేదాకా అటువైపు ఏ బోటూ పోకూడదు."

"ఎన్నాళ్ళండి?" అన్నాడు సింహాద్రి.

"నన్నడిగితే? ఆ దేశాన్నడగండి."

పోలిరాజు తాళ్ళ కుప్ప మీద చతికిలబడ్డాడు.

"మూడేళ్ళు నీకు తెలీకుండా దాసినాను బామ్మర్దీ," అన్నాడు సింహాద్రితో. "ఎవుడి కోసం దాసినానో."