చూస్తుంటే పెరిగే వెన్న

మా బావ తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని వెనకాల మిల్లీగ్రాము అంటారు. నేను మొహం మీదే అంటాను, బావమరిదికి ఆ మాత్రం హక్కుంది. ఆయన త్రాసు మీద ఈగ వాలి లేచిపోతే, అది ఏ కాలి మీద ఎక్కువ బరువు మోపిందో కూడా చెప్పేవాడని ఒక ప్రచారం ఉంది. ఆ ప్రచారం మొదలుపెట్టింది నేనే అనుకోండి.

అంతటి మనిషి ఇంట్లో వంటగదిలోకి మాత్రం త్రాసు ఎన్నడూ అడుగుపెట్టలేదు. మా అక్కది చేతి లెక్క. వెన్న కేకు చేసిందంటే పిండి అంచు విరిగిన కప్పుతో పోస్తుంది, వెన్న కొయ్య గరిటెతో తీస్తుంది. ఎంత వేశావని అడిగితే, "వెయ్యాల్సినంత" అంటుంది.

వీధి చివర బేకరీ ఆయన ఎవరింట్లోనో ఆ కేకు తిని, అడ్రసు కనుక్కుని మరీ వచ్చాడు. తన కొట్టులో అద్దాల బీరువాలో ఒక అర అక్కకు ఇస్తానన్నాడు.

"ముందు పది కేకులు చేసివ్వండమ్మా. పదీ ఒకేలా ఉండాలి. ఇవాళ తిన్నవాడు రేపొచ్చి ఇది వేరేగా ఉందంటే నా కొట్టు పేరు పోతుంది."

అక్క ఆ అర మీద మనసు పారేసుకుంది. జన్మంతా ఇంట్లోవాళ్ళకు వండి, ఉప్పు ఎక్కువైందన్న మాట తప్ప ఇంకో మాట చెవిన పడని మనిషి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొనుక్కుని తింటారంటే ఆమెకు అదో పండగ. కూరగాయలకని వెళ్ళి, బేకరీ అద్దంలోంచి ఖాళీ అరను చూసి, కూరగాయలు మరిచిపోయి తిరిగొచ్చేది.

ఇక బావ ఊరుకుంటాడా? "ఒకేలా ఉండాలంటే కొలత కావాలి. కొలత అంటే నేనున్నాను కదా" అని, ఉద్యోగం పొడుగునా మోసిన సొంత ఇత్తడి త్రాసును పట్టుగుడ్డతో తుడిచి వంటగదిలో పెట్టాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు ఎప్పటిలాగే తియ్యి. గిన్నెలో పడేముందు నేను తూస్తాను. అంతే."

అక్క గరిటెతో వెన్న తీసింది. పళ్ళెంలో వేసింది. కళ్ళెత్తి బావ కళ్ళజోడు వైపు చూసింది. ఇంకాస్త తీసి పైన అద్దింది. మళ్ళీ చూసింది. మళ్ళీ అద్దింది. నేను గుమ్మంలో కాఫీ తాగుతూ చూస్తూనే ఉన్నాను.

"వెన్న, మూడు వందల గ్రాములు" అని బావ కోర్టు బంట్రోతులా పిలిచాడు.

ఆ లెక్క ప్రకారమే పది కేకులూ అయ్యాయి. వాటి కింద పరిచిన కాగితాన్ని దినపత్రిక మీద పెడితే వార్తలు చదువుకోవచ్చు, అంత జిడ్డు పట్టింది. బేకరీ ఆయన ఒకటి విరిచి తిన్నాడు, ఇంకోటి విరిచి తిన్నాడు, చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన గుడ్డను కూడా ఇంకో గుడ్డతో తుడిచాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయమ్మా, అందులో వంక పెట్టడానికి లేదు. ఒక్కటన్నా తేడాగా ఉంటే దాన్ని ఉంచుకునేవాణ్ణి" అన్నాడు. మంచివాడు కాబట్టి, ఇంకోసారి చేసి తెమ్మని పంపాడు.

బావ తప్పంతా ఓవెన్ మీదికి తోశాడు. అక్క తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నా చెయ్యే పోయింది" అంది.

అది మొదలు ఆ ఇంట్లో తిండి కూడా పోయింది. పొయ్యి దగ్గర నిలబడి, "ఏవండీ, కూరలో ఉప్పు ఎంత వెయ్యమంటారు?" అని అక్క కేకేసేది. బావ జన్మలో ఉప్పు వేసి ఎరుగడు. అయినా ఇన్‌స్పెక్టరు తెలియదంటాడా? ఏదో ఒక అంకె చెప్పేవాడు. ఒకరోజు కూరలో సముద్రం, ఒకరోజు ఎడారి. నేను కాఫీతో సరిపెట్టుకుని లేచిపోతుంటే బావ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేవాడు, కష్టం పంచుకోవడానికి.

చివరికి అక్క, "బేకరీ ఆయనకు ఇంక కుదరదని చెప్పి వస్తాను" అని చెప్పులు వేసుకుంది. ఎండ తగ్గాక వెళ్ళొచ్చులే అని ఆపి, బావను బాల్కనీలోకి లాక్కెళ్ళాను.

"బావా, నీ ఉద్యోగంలో ఏ కొట్టులోనైనా తక్కువ తూకం దొరికిందా?"

"ఒక్కసారి కూడా లేదు. ఈ ఊరి వర్తకులు నిజాయితీపరులు."

"నువ్వెళ్ళి ఎదురుగా నిలబడ్డాక తూచేవాళ్ళా, నిలబడకముందా?"

"నిలబడకముందు తూస్తే నాకెలా కనపడుతుందోయ్, తెలివితక్కువ ప్రశ్న కాకపోతే."

"అదే చెబుతున్నా. నువ్వు చూస్తుంటే ప్రతి చెయ్యీ మొగ్గుతుంది. మొగుడు త్రాసు పెట్టుకుని కూర్చుంటే, పిసినారిదనుకుంటాడేమోనని అక్క ఇంకో గరిటె అద్దదా?"

బావ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని వీధిలోని కొట్ల వైపు చూశాడు. ఆయన కళ్ళముందు ఏయే కొట్లు కదిలాయో నాకు తెలియదు. చాలానే కదిలి ఉంటాయి, కాఫీ చల్లారిపోయింది.

ఉపాయం చెప్పాను. అక్క బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళినప్పుడు బావ వెన్నడబ్బాను మొత్తంగా తూచి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాడు. తర్వాత పేపరు అడ్డం పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు. చెయ్యి పోతే పోయింది, నాకొక్కడికీ ఒక కేకు చేసిపెట్టమని నేను అక్క వెంటపడ్డాను. ఆమె గరిటె పట్టుకుని బిక్కమొహం వేసింది. ఇక లాభం లేదని కథ ఎత్తుకున్నాను.

"అక్కా, చిన్నప్పుడు మన ఆవు గుర్తుందా? మధ్యాహ్నం మేత నుంచి పరిగెత్తుకొస్తే, ఆ కుదుపుకి పొదుగులోనే వెన్న కట్టేది. అమ్మకు చిలికే పనే ఉండేది కాదు."

"నీ మొహం. మనకు ఆవెప్పుడుందిరా?"

"తెల్లది. నుదుటి మీద మచ్చ."

"అది మేకరా. అదీ పక్కింటివాళ్ళది. వాళ్ళు ఊరెళ్తే రెండ్రోజులు మన గుంజకు కట్టారు. దాని తాడు విప్పేసి అమ్మ చేత తన్నులు తిన్నావు."

"తన్నులు తిన్నది నువ్వు."

"నేనా?" అంటూ అక్క నా వైపు తిరిగింది. మేక ఎవరిదో, తాడు ఎవరు విప్పారో, ఎవరి వీపు మీద ఎన్ని పడ్డాయో సాక్ష్యాలతో సహా చెప్పుకొచ్చింది. ఆ కోపంలో చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పిండి, చక్కెర, వెన్న ఎప్పుడు గిన్నెలో పడ్డాయో ఆమెకే తెలియదు. కేకు ఓవెన్‌లోంచి వచ్చింది. మొదటి ముక్క తిని నేను ఓటమి ఒప్పుకున్నాను, తన్నులు నాకే పడ్డాయని.

అక్క స్నానానికి వెళ్ళగానే బావ డబ్బా మళ్ళీ తూచాడు.

"రెండు వందలు" అన్నాడు. కళ్ళజోడు తీసి, "వంద గ్రాముల తేడా" అన్నాడు, ఎవరో పోయినట్టు.

ఇక అక్క రాగానే సరైన అంకె ప్రకటిస్తాడనుకున్నాను. ఆయన లేచాడు, రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కొచ్చి త్రాసు చేతిలోకి తీసుకున్నాడు. అక్క తల తుడుచుకుంటూ రాగానే దాన్ని ముందు పెట్టాడు.

"చూడు. ఈ త్రాసు తప్పు. ఇందాకే గమనించాను, ఒక పళ్ళెం వాలుతోంది. నీ చేతిలో ఏ లోపమూ లేదు."

 ఆ త్రాసు గుండెకాయ కన్నా సరిగ్గా కొట్టుకుంటుందని నాకు తెలుసు. బావ జీవితంలో ఇచ్చిన దొంగ సర్టిఫికెట్టు అదొక్కటే.

అక్క తువ్వాలు దించి, "ఎప్పట్నించి తప్పు?" అంది.

"మొదట్నించే అయ్యుండొచ్చు."

"అయ్యో. దీన్ని నమ్మి ఎంతమంది కొట్టువాళ్ళకి తూకం సరిగ్గా ఉందని రాసిచ్చారో!"

బావ పళ్ళెం అంచు తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఆయన్ని బాల్కనీలో కూర్చోబెట్టి, అక్క ఒక్కతే పది కేకులూ చేసింది. ఒకటి కాస్త ఉబ్బింది, ఒకటి కాస్త ఎర్రగా కాలింది. బేకరీ ఆయన విరిచి, తిని, కళ్ళు మూసుకుని, "చూపుకి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి గాని, రుచి ఒక్కటేనమ్మా" అన్నాడు. అరలో తనే సర్దాడు.

అక్కకు కడుపులో మాట ఆగదు. మొదటి వాయి ఎందుకు చెడిందో కొట్టులో ఉన్నవాళ్ళందరికీ విడమరిచి చెప్పింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. బావ కూరగాయలకు వెళ్తే బుట్ట వెనక కూర్చున్న ముసలమ్మ, "సార్, మీ త్రాసుకి ఈ ఏడాది సర్కారు ముద్ర వేయించుకున్నారా?" అని అడిగింది. ఎంతో మర్యాదగా అడిగింది. ఒకప్పుడు ఆయన ఆమెను అడిగినంత మర్యాదగానే.

ఆ ఆదివారం భోజనాల దగ్గర, కొత్తగా దిగిన పక్కింటి దంపతులకు అక్క ఆ కథ మళ్ళీ ఎత్తుకుంది. "ఈయన పాతికేళ్ళకు పైగా ఆ త్రాసు తప్పని కనిపెట్టలేదు, చూడండి. మా తమ్ముడూ సాక్షి, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. బల్ల కింద బావ కాలు నా కాలి మీద పడింది. నేను చెప్పే అబద్ధాలన్నీ తెలిసిన మనిషి. ఒక్కసారి కూడా నా కళ్ళలోకి చూడకుండా తన కంచంలోని కేకు సగం కోసి నా కంచంలోకి తోశాడు.

"నిజమేనండి, వాలుతోంది" అన్నాను. "నేను కళ్ళారా చూశాను."