అర్థం అక్కర్లేని పేర్లు

పక్షవాతంతో ఆసుపత్రిలో పడి ఉండి ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున ఆయన నోరు విప్పాడు.

"లోబెక్."

నీళ్ళు పట్టిస్తున్న భార్యకు ప్రాణం లేచొచ్చింది. "ఏమండీ, ఏమన్నారూ? ఇంకొక్కసారి అనండి!"

"లోబెక్. రిసామ్. డుమిట్," అన్నాడాయన, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

మెదడులో మాటలుండే చోటు దెబ్బతిందనీ, ఇవి ఉత్త శబ్దాలనీ, వాటి వెంట పడొద్దనీ డాక్టరు చెప్పాడు. కానీ ఆమె ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. మాటకు అర్థం లేదంటే ఆమెకు మింగుడు పడదు. ఆయన అన్నవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసింది. మొత్తం ఐదే మాటలు. ఎప్పుడు పలికినా ఒక్క అక్షరం తేడా లేదు.

ఆయన సరుకుల విమానాలు నడిపినవాడు. రిటైరయ్యాక వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తుత్తి విమానం నడిపేవాడు. "ఎందాకా వెళ్ళొచ్చారు? దారిలో కూరగాయలేమైనా తెచ్చారా?" అని ఆమె వేళాకోళం చేసేది. ఒకరోజు ఆ గది ఊడుస్తుంటే, బల్ల మీద ఆయన రాసుకున్న చీటీ కనబడింది. లోబెక్, రిసామ్, డుమిట్, వాకెల్, నెటోర్. చీపురు అక్కడే పడేసి, ఆయన పాత కో-పైలట్‌కు ఫోన్ చేసింది.

అతను గంటలో వచ్చి చీటీ చూశాడు. "ఇవి ఆకాశంలో గుర్తులు వదినా. పైన రోడ్లూ బోర్డులూ ఉండవుగా? మ్యాపు మీద చుక్క పెట్టి, దానికో పేరు పెడతారు. ఇంగ్లీషులో ఐదక్షరాలు. రేడియోలో నోరు తిరిగితే చాలు."

"మరి అర్థం?"

"అర్థం అక్కర్లేదు. ఏదో సరదాకి ఒకటీ అరా ఊరి పేరు కలిసేలా పెడతారు. మిగతావన్నీ ఉత్తినే."

కంప్యూటరులో ఆ ఐదు పేర్లూ ఆమె చేతే వరసగా కొట్టించాడు. ఒక్కో పేరుకూ ఒక్కో చుక్క వెలిగింది. చుక్కల్ని కలుపుతూ ఒక గీత వచ్చింది. అది వంపు తిరిగి, వీళ్ళ ఊరి విమానాశ్రయం దగ్గర ఆగింది.

"ఇంటికొచ్చే దారి ఇది," అన్నాడతను. "నేనూ అన్నయ్యా ఎన్నిసార్లు దిగామో ఇలా."

ఆ మాటతో ఆమె లోకమే మారిపోయింది. లోబెక్ అంటే ఆయన ఎక్కడో దూరంగా ఉన్నట్టు. నెటోర్ అంటే గుమ్మం దాకా వచ్చేసినట్టు. తనే అలా లెక్క కట్టుకుంది. పొద్దున్నే ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తెర ముందుకు తోసి, కో-పైలట్ నేర్పినట్టు అదే దారిలో విమానం నడిపేది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గుర్తుపడుతున్నారని మురిసిపోయేది.

మూడో వారంలో ఆయన మిగతా మాటలన్నీ మానేశాడు. పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా, "నెటోర్. నెటోర్."

"వచ్చేస్తున్నారు!" అని ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన్ని ఇంకో గంట, ఇంకో గంట అని తెర ముందే ఉంచింది. స్నానం కూడా మాన్పించి, కుర్చీలోనే తడిగుడ్డతో పైపైన తుడిచింది. ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలితే గది ఉక్కగా ఉందనుకుంది.

మూడో రోజు ఆడపడుచు వచ్చి అన్న చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. "వదినా, అన్నయ్య ఒళ్ళు కాలిపోతోంది!" ఇద్దరూ పట్టి మంచం మీద పడుకోబెట్టి పక్కకు తిప్పారు. నడుము కింద చర్మం నల్లబడి, అరచెయ్యంత పుండు. వాసన కొట్టింది.

"నెటోర్," అన్నాడాయన, పళ్ళు బిగించి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు చూసి తలెత్తింది. "ఇంత ముదిరేదాకా నొప్పని చెప్పలేదా?"

ఆడపడుచు ఏదో అనబోయింది. ఆయన భార్య ఆపింది.

"చెప్పారమ్మా. మూడు రోజులు చెప్పారు."

విషం రక్తానికి పాకింది. ఆ తరవాత ఆయన నోటినుంచి మాట రాలేదు. ఆమె పక్కనే కూర్చుని, నొప్పిగా ఉందా, దాహమా, తిప్పనా అని అడుగుతూనే ఉంది. కళ్ళు తెరిచి చూసేవాడు, అంతే. ఆసుపత్రిలో చేరిన పదకొండో రోజు మధ్యాహ్నం పోయాడు.

పలకరించడానికి కో-పైలట్ వచ్చాడు. వెళ్ళబోతూ అన్నాడు: "ఒకవేళ ఇంటికొచ్చేశానని కూడా అనుంటాడేమో వదినా."

"వద్దు మరిదిగారూ," అందామె. "ఇంక అర్థాలు చెప్పకండి."