పిచ్చుక ఆకలి

పందెపు గుర్రాలకు పరుగు నేర్పడంలో అతను పెట్టింది పేరు. ఒకప్పుడు తనూ సవారీ చేయాలని కలలు కన్నవాడే. పదిహేనో ఏట ఉన్నట్టుండి బారెడు ఎదిగిపోయి, పందెపు సవారీకి మించిన బరువై, ఆ ఆశకు నీళ్లు వదులుకున్నాడు. అందుకే కూతురు బక్కపలచగా, చురుగ్గా ఉంటే ప్రాణం లేచొచ్చింది. ముద్దుగా పిచ్చుక అని పిలిచేవాడు, తనే గుర్రమెక్కించి సవారీ నేర్పాడు.

పన్నెండేళ్లు దాటాక పిచ్చుకకి ఆకలి మొదలైంది. ఎదిగే ఒంటి ఆకలి. ఇప్పుడు తింటే ఇంకాసేపటికే కడుపు కాలేది. అతను ఆమె రొట్టె సగానికి తుంచాడు, పాలు మాన్పించాడు. పెరిగిన బరువుతో గుర్రమెవరెక్కనిస్తారని గదమాయించాడు. ఎముకలు గట్టిపడే వయసు, పిల్ల కడుపు మాడ్చకని భార్య పోరుపెట్టింది. చెవిన పెట్టలేదు. పొద్దున్నే గుర్రానికి మాత్రం గింజలు నానబెట్టి, కారెట్లు తరిగి, బుజ్జగించి మరీ తినిపించేవాడు. పిచ్చుక గుటకలు మింగుతూ పక్కనే నిలబడేది.

పదిహేను నిండినా పిల్ల ఈడేరలేదు. తల్లి బెంగపడింది. మంచిదేలే, ఇంకొన్నాళ్లు తేలిగ్గా ఉంటుందన్నాడు అతను.

పిచ్చుక సవారీ చేయాల్సిన మొదటి పందెం దగ్గరపడింది. సాధన ముగించి పిచ్చుక గుర్రం దిగింది. జారలేదు, గుర్రం తన్నలేదు. ఊరికే నేల మీదికి దూకింది, అంతే. తొడ ఎముక పుటుక్కుమంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

"ముసలివాళ్ల ఎముకల్లా ఉన్నాయండీ. ఈ వయసులో కూడబెట్టుకున్న బలమే జన్మంతా కాయాలి. మీ అమ్మాయి కూడబెట్టుకోవడానికి ఏం పెట్టారు?"

"ఇప్పటినుంచీ బాగా పెడితేనో?"

"పెట్టండి. కొంత కోలుకుంటుంది. పోయిన ఏళ్లు మాత్రం రావు. గుర్రం సంగతి మర్చిపోండి."

భార్య పిల్ల తల నిమురుతూ, అతని వైపు చూడనైనా చూడలేదు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

సాయంత్రం తనే గుడ్లు, రొట్టె, పాలు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పిచ్చుక రొట్టెను తనే సగానికి తుంచి, ఒక ముక్క తిని, రెండోదాని వైపు చూస్తూ ఆగిపోయింది.

"ఇది కూడా తిననా నాన్నా?"

అతను తల ఊపాడు. ఆ పిల్ల నమ్మలేనట్టు మళ్లీ అతని మొహంలోకి చూసి, అప్పుడు నోట్లో పెట్టుకుంది. అతను వరండాలోకి వెళ్లి, గోడకు ఆనుకుని, నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.